మంచులో గిట్టల చప్పుడు

అనగనగా ఒక కొండ అడవి. చలికాలంలో ఆ అడవి మీద మంచు దిగిందంటే పొద్దెక్కినా వదిలేది కాదు. పక్కనున్న చెట్టు కనబడేది కాదు. ఒక్కోసారి ఎవరి కాళ్లు వాళ్లకే కనబడేవి కావు. అలాంటి చోట, కొండల నడుమ ఒక పచ్చికబయల్లో, ఒక మంద ఉండేది.

అది మామూలు మంద కాదు పిల్లలూ. అందులో అందరూ ఒక జాతి వాళ్లు కాదు, ఒక ఊరి వాళ్లూ కాదు. సంతకు తోలుతుంటే తప్పిపోయిన మేకలు ఉండేవి. వాగు పొంగినప్పుడు కొట్టుకొచ్చిన గొర్రెలు ఉండేవి. తల్లి పోయిన లేళ్లు ఉండేవి. ఎవరికీ అక్కర్లేని ఒక ముసలి అడవిపంది కూడా ఉండేది. వీటన్నిటినీ ఒక్కచోట చేర్చింది ఒక గుర్రం. దాని పేరు తురాయి. నుదుటి మీది జూలు తలపాగా తురాయిలా నిక్కి ఉండేది కాబట్టి ఆ పేరు వచ్చింది. పడుచుతనంలో అది వర్తకుల మూటలు మోసింది. మోకాళ్లు అరిగాక వాళ్లు దాన్ని అడవి అంచున వదిలేసి తమ దారిన తాము పోయారు. గిట్టలకు కొట్టిన ఇనప లాడాలు మాత్రం దానికి అలాగే ఉండిపోయాయి.

తురాయి రాళ్ల మీద నడిస్తే టక్కు టక్కుమని చప్పుడయ్యేది. ఆ చప్పుడు వింటూ మంద హాయిగా మేసేది. ఆ చప్పుడు వింటే పచ్చికబయలు పక్కనున్న ఇరుకు కనుమ అవతల ఉండే దుమ్ములగొండి తోక ముడిచేది. దుమ్ములగొండి అంటే తెలుసుగా? కుక్కకంటే పెద్దది. నడుం వెనక్కి వాలి ఉంటుంది. ఎముకల్ని చెరుకుగడల్లా నమిలేస్తుంది. కానీ పిరికిది. గుంపు జోలికి రాదు. ఒంటరిగా దొరికితే మాత్రం వదలదు.

ఆ మందలో బూది అని ఒక గాడిద ఉండేది. బూడిద రంగు ఒళ్లు, పెద్ద పెద్ద చెవులు. దానికి లోకంలో అన్నీ భయమే. ఉరిమితే భయం, ఆకు రాలితే భయం. తన అరుపు విని తనే ఉలిక్కిపడేది. ఒకప్పుడు అది దారి తప్పి, కనుమలోని ఊబిలో కడుపుదాకా దిగబడిపోయింది. తురాయి గట్టున నిలబడి 'ఇటు రా, ఇటు రా' అని పిలవలేదు. అరిగిన మోకాళ్లతో తనే ఊబిలోకి దిగింది. భుజం ఆనించి బూదిని బయటికి నెట్టింది. ఆనాటినుంచి బూది తురాయి పక్కనే మేసింది, తురాయి పక్కనే పడుకుంది.

వానలు వెనకబట్టే రోజుల్లో తురాయి చనిపోయింది. మధ్యాహ్నపు ఎండలో పచ్చిక మీద పడుకుని ఉంది. "ఆ ఈగల్ని కాస్త తోలవే, బూదీ" అంది. బూది తన తోకతో ఈగల్ని తోలింది. పొద్దు వాలేదాకా తోలుతూనే ఉంది. ఎంతసేపటికీ తురాయి చెవి కదలకపోయేసరికి అప్పుడు తెలిసింది. తెలిశాక కూడా బూది తోక ఆపలేదు.

మంద అంతా కలిసి కనుమ మొదట్లో తురాయికి మట్టి చేసింది. అడవిపంది గొయ్యి తవ్వింది. మేకలు కొమ్మలు విరిచి తెచ్చాయి. లేళ్లు రాళ్లు దొర్లించాయి. కొన్నాళ్లపాటు అన్నీ రోజూ అక్కడికి వెళ్లి కూర్చునేవి. తురాయి కబుర్లు చెప్పుకునేవి. నవ్వుకునేవి, ఏడ్చేవి. తురాయవ్వ తనని వీపు మీద ఎక్కించుకుని తిప్పేదని గెంతు అనే మేకపిల్ల అందరికీ చెప్పి చెప్పి విసిగించేది.

అంతలో చలికాలం వచ్చింది. మొదటి మంచు దిగింది.

ఆ ఉదయం ఏమీ కనబడటం లేదు. తల్లులు పిల్లల్ని వాసన పట్టి వెతుక్కుంటున్నాయి. అప్పుడు వినిపించింది, కనుమ వైపునుంచి.

టక్కు... టక్కు... టక్కు...

మంద మేత మానేసింది. ఇనుము రాతికి తగిలే చప్పుడు అది. ఆ అడవిలో అలాంటి చప్పుడు ఒక్క తురాయి నడకకే ఉండేది.

"అవ్వ!" అంది గెంతు సంతోషంగా. వాళ్లమ్మ కాటుక దాని నోటిమీద మూతి పెట్టి నొక్కింది. కాటుక నల్లటి మేక.

చప్పుడు ఆగింది. వెంటనే కనుమలోంచి ఒక కేక లేచింది. ఏడుపో, నవ్వో తెలియని కేక. అది కొండలకు కొట్టుకుని, చీలి, నాలుగు వైపులనుంచీ వచ్చింది. బూది చెవులు వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, ఉన్నచోటనే కూలబడింది.

మంచు విడిచాక ఒక నక్క వచ్చింది. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని వచ్చింది.

"పెద్దలారా, ఆ చప్పుడు విన్నారు కదా? తురాయి ఆత్మ అది. నేను కళ్లారా చూశాను. దానికి శాంతి లేదు."

మందకు పెద్ద గడ్డాలు అనే మేకపోతు. అది ముందుకు వచ్చి అడిగింది. "ఎందుకు లేదు? మేము రోజూ తలుచుకుంటూనే ఉన్నాం కదా!"

"అదే తప్పు!" అంది నక్క. "మీరు పేరు ఎత్తినప్పుడల్లా దాన్ని పరలోకంనుంచి జుట్టు పట్టి వెనక్కి లాగుతున్నారు. దాని ఉసురు మీకు తగులుతుంది. ఇక ఆ పేరు ఎత్తకండి. ఆ కబుర్లు చెప్పుకోకండి. ఆ సమాధి దగ్గరికి పోకండి. నా మాట వినకపోతే మీ ఖర్మ."

బూదికి నోటిదాకా ఒక మాట వచ్చింది. 'తురాయికి ఎవరిమీదా కోపం ఉండేది కాదే!' అందామనుకుంది. కానీ ఆ కేక ఇంకా చెవుల్లో మోగుతోంది. మాట మింగేసింది.

ఆనాటినుంచి మందలో ఎవరూ తురాయి పేరు ఎత్తలేదు. గెంతు మరిచిపోయి 'తురాయవ్వ' అంటే కాటుక ఒక్కటిచ్చింది. మేకపిల్ల ఏడ్చి ఊరుకుంది. కొన్నాళ్లకు ఏమైందో తెలుసా? కొత్తగా పుట్టిన పిల్లలకు తురాయి ఎవరో తెలియలేదు. "కనుమలో ఏముందమ్మా?" అని అడిగితే "ఒక గుర్రం దయ్యం ఉంది, అటు చూడకు" అని తల్లులు చెప్పాయి. ఊబిలో దిగి భుజం ఆనించిన తురాయి ఎటో పోయింది. మంచులో నడిచే దయ్యం ఒక్కటే మిగిలింది. చివరికి బూది కూడా తురాయి మొహం గుర్తుచేసుకుందామంటే జూలు విరబోసుకుని, కళ్లు ఎర్రగా చేసుకుని కనబడేది. దాంతో గుర్తుచేసుకోవడమే మానేసింది.

మళ్లీ దట్టంగా మంచు దిగింది. మళ్లీ అదే చప్పుడు. ఈసారి ఇంకా దగ్గరగా వచ్చింది. టక్కు టక్కుమంటూ మంద చుట్టూ తిరిగింది. గొర్రెలు ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చుకున్నాయి. ఒక లేడి భయంతో పరుగెత్తి చెట్టుకు గుద్దుకుంది.

మంచు పలచబడగానే నక్క మళ్లీ వచ్చింది.

"దానికి ఒంటరిగా ఉందట," అంది గుసగుసగా. "తోడు కావాలట. మీలో ఒకరిని కనుమలోకి పంపమంటోంది. ఒక్కర్నే సుమా! పంపకపోతే తనే వచ్చి అందరినీ తీసుకుపోతానంటోంది. మీ మంచి కోరి చెబుతున్నాను. నాకు దీంట్లో ఏమొస్తుంది?"

ఎవరి కళ్లలోకి ఎవరూ చూడలేదు. గడ్డాలు తల వంచుకుని నేలను గిట్టతో గీరుతోంది.

అప్పుడు గొంగళి అనే ముసలి గొర్రె లేచింది. దానికి చూపు సరిగా ఆనదు. పళ్లు ఊడిపోయి మేత కూడా నమలలేకపోతోంది.

"నేను వెళతాను," అంది. "నాకెలాగూ పొద్దు వాలింది. అయినా తనకీ నాకూ పాత స్నేహమే కదా. ఎందుకంత భయపడతారు?"

గొంగళి కూతురు చుక్కి అడ్డం వచ్చింది. "వద్దమ్మా! ఎవరైనా చెప్పండి! బూదక్కా, నువ్వైనా చెప్పు! అందరికంటే దానికి దగ్గరిదానివి నువ్వే కదా!"

అందరూ బూది వైపు చూశారు. తురాయి ఇలా అడగదని బూది మనసులో ఒక మూల తెలుస్తూనే ఉంది. కానీ 'వద్దు' అంటే? 'మరి నువ్వు వెళతావా?' అంటారేమో! ఆ ఊహకే బూది తల పక్కకు తిప్పుకుంది.

గొంగళి తడుముకుంటూ తడుముకుంటూ మంచులోకి నడిచింది. కాసేపు దాని దగ్గు వినిపించింది. తర్వాత అదీ వినిపించలేదు.

గొంగళి తిరిగి రాలేదు.

కొన్నాళ్లు గడిచాయి. కనుమ నిశ్శబ్దంగా ఉంది. "శాంతించింది" అనుకుంది మంద. చుక్కి మాత్రం మంద అంచున ఒంటరిగా నిలబడి కనుమ వైపే చూస్తుండేది. బూది అటుగా వెళ్లాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్లేది.

కానీ పిల్లలూ, భయపెట్టి ఒకసారి తిన్నవాడు రెండోసారి ఊరుకుంటాడా?

మూడోసారి దిగిన మంచు అన్నిటికంటే దట్టమైంది. పొద్దు ఎక్కడుందో కూడా తెలియలేదు. ఈసారి గిట్టల చప్పుడు మంద మధ్యలోనే తిరిగినట్టనిపించింది. కేక మీద కేక లేచింది. ఒక ముసలి లేడి గుండె ఆగి పడిపోయినంత పనైంది. ఈసారి నక్క మంచు విడిచేదాకా ఆగలేదు. మంచులోనే, ఎవరికీ కనబడకుండా నిలబడి మాట్లాడింది.

"ముసలి గొర్రె సరిపోలేదట. దగ్గుతో విసిగిస్తోందట. తనకు పిల్లలంటే ఇష్టం కదా, ఒక పసిదాన్ని పంపమంటోంది. ఆ మేకపిల్ల ఉందే, వీపెక్కి ఆడేదట, అది కావాలట. ఇప్పుడే పంపాలట."

కాటుక ఒక్క అరుపు అరిచింది. అలాంటి అరుపు మీరు వినకూడదు. గెంతుని కాళ్ల మధ్యకు లాక్కుని చుట్టూ కొమ్ములు తిప్పింది. "నా ప్రాణం పోయినా పంపను! నన్ను తీసుకుపొమ్మను!"

"నువ్వు వద్దట," అంది మంచులోంచి గొంతు. "పిల్లే కావాలట." ఆ మాటతో ఆ గొంతు కనుమ వైపు జరిగిపోయింది.

మందలో గొణుగుడు మొదలైంది. ఎవరి గొంతో తెలియదు, మంచులో అందరి గొంతులూ ఒకేలా ఉన్నాయి. "పంపకపోతే అందరినీ..." అంది ఒకటి. "నా పిల్లలు ముగ్గురున్నారు..." అంది ఇంకొకటి. "ఒక్కదాని కోసం..." అంది మరొకటి.

గెంతుకు ఏమీ అర్థం కాలేదు. "తురాయవ్వే కదమ్మా పిలుస్తోంది? వెళితే ఏమవుతుంది? అవ్వ మంచిదే కదా?" అంది.

ఎన్నాళ్లకో ఆ పేరు వినిపించింది. బూది చెవులు రిక్కించింది.

అవ్వ మంచిదే కదా!

మేకపిల్ల ఆ ఒక్క మాట అనగానే బూదికి తురాయి మొహం కనబడింది. జూలు విరబోసుకున్న మొహం కాదు. ఎర్రటి కళ్లూ కాదు. మెడదాకా బురదతో, ఆయాసపడుతూ, 'భుజం మీద ఆనుకోవే, నేనున్నాగా' అన్న మొహం. బూది లోపల ఏదో మంచుగడ్డలా పగిలింది.

'తురాయి ఎవర్నీ పిలవలేదు,' అనుకుంది. 'బతికున్నన్నాళ్లూ ఎవరికి ఆపదొచ్చినా తనే వెళ్లింది. ఎవర్నీ ఊబిలోకి రమ్మని పిలవలేదు. చచ్చిపోయాక మాత్రం ఎందుకు పిలుస్తుంది? పసిదాన్ని ఎందుకు పిలుస్తుంది?'

"అది తురాయి కాదు," అంది బూది.

గొణుగుడు ఆగిపోయింది.

"ఏమన్నావు?" అంది గడ్డాలు.

"అది తురాయి కాదన్నాను. తురాయి అలా అడగదు." బూది మంద మధ్యలోకి వచ్చింది. "గొంగళవ్వ వెళ్లేనాడే నాకు ఈ మాట అనిపించింది. నోరు విప్పలేదు. ఇవాళ విప్పుతున్నాను."

"కాకపోతే మరి ఆ చప్పుడేమిటి?" అంది గడ్డాలు. "ఆ చప్పుడు నీకు తెలియదా?"

"తెలుసు. చప్పుడు దానిదే. అడగడం దానిది కాదు. నేను వెళ్లి చూస్తాను. నిజంగా తురాయే అయితే నన్ను ఏమీ చెయ్యదు. కాకపోతే..." బూది కాటుక వైపు తిరిగింది. "గెంతుని మాత్రం పంపకండి. ఎక్కడి పిల్లల్ని అక్కడే పట్టుకుని ఉండండి."

బూది మంచులోకి నడిచింది.

ఎంత భయమేసిందో ఎలా చెప్పను పిల్లలూ! నాలుగడుగులు వేసేసరికి వెనక మంద లేదు. ముందు దారి లేదు. తెల్లగా, తడిగా, ఊపిరాడకుండా మంచు ఒక్కటే ఉంది. తన గిట్టల చప్పుడు కూడా ఎవరో వెంటాడుతున్నట్టే ఉంది. ఆగితే అదీ ఆగుతోంది. నడిస్తే అదీ నడుస్తోంది. వెనక్కి పారిపోదామనుకుంది. కానీ వెనక ఎటో తెలిస్తే కదా! అందుకని అది మాట్లాడటం మొదలుపెట్టింది.

"తురాయీ, నాకు భయంగా ఉందే," అంది పైకే. "నువ్వు పోయాక నిన్ను కూడా భయపెట్టేదాన్ని చేసేశాం. నీ పేరు ఎత్తినందుకు కాటుక పిల్లని కొట్టింది. నేను చూస్తూ ఊరుకున్నాను. గొంగళిని పంపేస్తుంటే తల తిప్పుకున్నాను. నువ్వైతే ఏం చేసేదానివి? నన్ను తిట్టేదానివి. తిట్టి, తర్వాత నా చెవి నాకేదానివి."

అలా మాట్లాడుతూ నడుస్తుంటే కాళ్ల వణుకు తగ్గలేదు కానీ, కాళ్లు ఆగలేదు.

కాలికి రాళ్లు తగిలాయి. అది తురాయి సమాధి. ఒంగి వాసన చూసింది. రాళ్లు చెల్లాచెదురుగా ఉన్నాయి. మట్టి తవ్వేసి ఉంది.

టక్కు... టక్కు...

ఎదురుగానే ఉంది. నాలుగు అంగల్లో ఉంది.

"తురాయీ!" అని పిలిచింది బూది.

చప్పుడు ఆగిపోయింది. గాలి ఒక్కసారి వీచి, మంచు కొంచెం పక్కకు తొలిగింది. ఒక బండ ముందు దుమ్ములగొండి నిలబడి ఉంది. దాని నోట్లో తురాయి ఇనప లాడం ఉంది. దాన్నే బండకేసి కొడుతోంది. పక్కన నక్క కూర్చుని, "పిల్ల వస్తోంది, పిల్ల వస్తోంది, గట్టిగా కొట్టు" అంటోంది. వాటి వెనక బండ కింద తెల్లటి ఉన్ని కుప్పగా పడి ఉంది. ఆ ఉన్నిలో ఎముకలు ఉన్నాయి.

బూది చూసింది.

దుమ్ములగొండి లాడాన్ని నోట్లోంచి వదిలేసింది. పళ్లు బయటపెట్టి నవ్వింది. కనుమలో మారుమోగే కేక అదే. "మేకపిల్ల రాలేదు కానీ గాడిద వచ్చింది. పోనీలే, మాంసం ఎక్కువ."

అది ఒక్క దూకు దూకింది. బూది పక్కకు తిరిగింది కానీ ఆలస్యమైంది. దుమ్ములగొండి దాని తొడ పట్టుకుంది. బూది ఎముకలోకి నిప్పు దిగినట్టయింది. దుమ్ములగొండి దవడ బిగుస్తోంది. భయం అంతా గొంతులోకి వచ్చి, ఒక్క ఓండ్రగా బయటికి వచ్చింది. ఆ ఓండ్రలో ఒక్కటే పేరు ఉంది.

"తురా... యీ... తురా... యీ..."

గాడిద ఓండ్ర అంటే మనం నవ్వుతాం. కానీ ఆ రోజు కొండలన్నీ ఆ ఓండ్రను అందుకుని, ఒకదాని మీదనుంచి ఒకటి విసురుకున్నాయి.

మందలో అందరికంటే ముందు చుక్కి లేచింది. "అది బూదక్క గొంతు. దయ్యం కాదు. దయ్యమైతే బూదక్క దాన్నే సాయానికి పిలవదు. నేను వెళుతున్నాను." ఎవరి కోసమూ ఆగకుండా మంచులోకి పరుగెత్తింది. తర్వాత కాటుక గెంతుని గడ్డాలకు అప్పగించి పరుగెత్తింది. ముసలి అడవిపంది గుర్రుమంటూ లేచింది. లేళ్లు లేచాయి. గొర్రెలు లేచాయి. ఎవరికీ దారి కనబడటం లేదు. తప్పిపోకుండా ఒకరికొకరు వినబడాలి. అందుకని అన్నీ ఇన్నాళ్లూ నోరు నొక్కుకున్న ఆ పేరే పట్టుకుని అరుస్తూ పరుగెత్తాయి.

"తురాయవ్వా! తురాయవ్వా!"

కనుమ ఇరుకైంది. ఒక గిట్ట చప్పుడు లోపలికి పోతే పది చప్పుళ్లు బయటికి వస్తాయి. అంత మంద గిట్టలు ఒక్కసారిగా రాళ్ల మీద పడేసరికి కొండ కదిలినట్టయింది.

నక్క చెవులు నిక్కబొడిచింది. "ఏమిటది?" అంది. దాని గొంతు మొదటిసారి నిజంగా వణికింది. "ఎవరిని పిలుస్తున్నారు?"

దుమ్ములగొండి తల ఎత్తింది. బూది తొడ వదిలేసింది. మంచులోంచి వేల గిట్టల చప్పుడు మీద పడుతోంది. ముందెవరున్నారో కనబడదు. తురాయి, తురాయి అని కొండలే అరుస్తున్నాయి. కాళ్ల దగ్గర తాము తవ్వి తీసిన లాడం పడి ఉంది.

"గుర్రమే వస్తోంది!" అని కీచుగా అరిచింది దుమ్ములగొండి. "నిజంగానే లేచి వస్తోంది! తవ్వొద్దురా అంటే నువ్వే కదరా తవ్వించావు!"

నక్క జవాబు చెప్పడానికి ఆగలేదు. దుమ్ములగొండి దాన్ని తొక్కుకుంటూ పరుగు తీసింది. రెండూ ఆ మంచులో, ఆ భయంలో, దారీ తెన్నూ చూసుకోకుండా ఊబి మీదుగా, ముళ్ల మీదుగా పడి లేచి పారిపోయాయి. ఎంత దూరం పారిపోయాయో ఎవరికీ తెలియదు. ఆ కొండల వైపు మాత్రం మళ్లీ రాలేదు.

మంద వచ్చేసరికి బూది బండకు ఆనుకుని నిలబడి ఉంది. తొడనుంచి నెత్తురు కారుతోంది. అక్కడ ఏముందో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. లాడాన్ని చూశారు. ఉన్నిని చూశారు. గడ్డాలు గెంతుని నడిపించుకుంటూ ఆఖరుగా వచ్చింది. బండ దగ్గర ఆగింది. తల నేలకు ఆనించింది. దాని గడ్డం మంచుకు తడిసిందో, కన్నీళ్లకు తడిసిందో ఎవరూ అడగలేదు.

చుక్కి ఆ ఉన్ని పక్కన చాలాసేపు కూర్చుంది. మంచు కరిగి, ఎండ పడేదాకా కూర్చుంది. తర్వాత బూది దగ్గరికి వచ్చింది.

"నీకు ముందే తెలుసా, అక్కా?" అని అడిగింది.

అబద్ధం చెప్పవచ్చు. కానీ బూది చెప్పలేదు.

"సగం తెలుసు," అంది. "ఆ సగం కూడా చెప్పడానికి భయపడ్డాను. చెప్పి ఉంటే మీ అమ్మ ఉండేది. నన్ను తిట్టు చుక్కీ. కొట్టు."

చుక్కి తిట్టలేదు, కొట్టలేదు. ఓదార్చనూ లేదు. మౌనంగా వెళ్లిపోయింది. ఆ మౌనం ముందు బూదికి తొడ గాయం ఏపాటిదీ అనిపించలేదు.

మంద ఆ ఎముకల్ని ఏరి, తురాయి పక్కనే గొంగళికి మట్టి చేసింది. లాడాన్ని మళ్లీ తురాయి దగ్గరే పెట్టి మట్టి కప్పింది. ఆనాటినుంచి రోజూ సాయంత్రం అక్కడ చేరడం మళ్లీ మొదలుపెట్టింది. కొత్తగా పుట్టిన పిల్లలు మొదట్లో రాలేదు. "దయ్యం ఉంది" అని ఏడ్చాయి. వాటిని బలవంతం చెయ్యలేదు బూది. దూరంగా కూర్చున్నవాటికి వినబడేలా కాస్త గట్టిగా చెప్పేది. తురాయి ఈగలంటే ఎంత చిరాకు పడేదో, చెరువులో తన నీడ చూసి ఎలా మురిసిపోయేదో చెప్పేది. పిల్లలు కొంచెం కొంచెంగా దగ్గరికి జరిగాయి.

చుక్కి మాత్రం రాలేదు. మంద అంచున, అటు తిరిగి మేసేది.

ఒక సాయంత్రం మళ్లీ మంచు దిగడం మొదలైంది. మంద బిగుసుకుపోయింది. కనుమ వైపు చెవులు రిక్కించింది. చప్పుడేమీ లేదు. అయినా ఎవరికీ ఊపిరి ఆడటం లేదు. భయం అంటే అంతే పిల్లలూ. కారణం పోయినా అది వెంటనే పోదు.

ఆ మంచులోంచి ఎవరో నడిచి వచ్చి బూది పక్కన నిలబడ్డారు. చుక్కి.

"అక్కా," అంది. "మా అమ్మ గురించి కూడా ఏమైనా చెబుతావా? నాకు చెప్పడానికి గొంతు రావడం లేదు."

బూది పిల్లల వైపు తిరిగి మొదలుపెట్టింది.

"మీ గొంగళవ్వ ఉందే, పిల్లలూ, దానికి తుమ్మపూలంటే పడి చచ్చేంత ఇష్టం. తిన్నదంటే తుమ్ములే తుమ్ములు. ఒకసారి చెట్టు కింద పడుకున్న అడవిపంది చెవిలో తుమ్మింది చూడండి, పాపం అది పిడుగు పడిందనుకుని వాగులో దూకింది!"

"నిజమే, నిజమే," అంది అడవిపంది. "మూడు రోజులు జలుబు వదల్లేదు."

పిల్లలు పకపకా నవ్వాయి. చుక్కి కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే, అమ్మ పోయిన ఇన్నాళ్లకు, బూది మెడ మీద తల పెట్టి బావురుమంది. చుట్టూ మంచు తెల్లగా దిగుతూనే ఉంది. ఎవరూ లేచి వెళ్లలేదు.

నీతి: మనల్ని ప్రేమించి పోయినవాళ్ల పేరు చెప్పి ఎవరైనా భయపెడితే, ఆ భయాన్ని కాదు, వాళ్లు బతికిన తీరును నమ్మాలి. ఆ నిజం తెలిసినవాళ్లు వెంటనే నోరు విప్పాలి.